రూపాలి ఇచ్చిన కాల్షియం సీసా

"గద్ద గూట్లో లేదు, నిలేశ్."

ఫోన్‌లో చీఫ్ సుమిత్రాబాయి. కోడ్ అర్థమైంది. మన సీక్రెట్ ఏజెంట్ల లిస్ట్ పోయింది. పదకొండు పేర్లు. అవి విదేశీ ముఠా చేతికి చిక్కితే పదకొండు ఇళ్లలో ఏడుపులే.

"కొరియర్ ఎవరు మేడమ్?"

"నీ ఇంట్లనే ఉండె. రూపాలి. డబుల్ ఏజెంట్. పదకొండు నలభైకి ముద్ఖేడ్ జంక్షన్‌ల రైలెక్కుతది. లిస్ట్ ఉన్న చిప్ ఆమె మట్టెల ఉంది. ఉరకగలవా?"

నిలేశ్ బైక్ తాళాలు అందుకున్నాడు. భోకర్‌లో రెండేళ్లుగా అతను సోయాబీన్ దళారి, రూపాలి అతని భార్య. అంతా వేషం. డిపార్ట్‌మెంట్ తయారుచేసిన ఆ బోలు మట్టెను ఆమె వేలికి తొడిగింది అతనే. ఆ రోజే వేషమన్న సంగతి మరిచిపోయాడు, పాపం!

పైగా ఈ కాలొకటి. పాత మిషన్‌లో తూటా నరాన్ని చీల్చింది. గాయం మానినా కారం పూసినట్టు ఒకటే మంట. రెండు నెలల కిందట డిపార్ట్‌మెంట్ డాక్టర్ నర్సన్న అమిట్రిప్టిలిన్ రాశాడు.

"ఇది డిప్రెషన్ గోలీయే, గానీ నీ కాలు కోసం ఇస్తున్న. నొప్పిని ఆపుమని మెదడు వెన్నుపాముకు సిగ్నల్ పంపుతది. దాన్ని మోసేది నోరడ్రినలిన్. ఈ గోలీ దాన్ని ఆడ ఎక్కువసేపు నిలుపుతది. నొప్పి కబురు ఆడ్నే ఆగుతది. కొన్ని వారాలు పడ్తది, ఓపిక పట్టు."

ఎన్ని కోడ్‌లు విప్పిన మొనగాడో నిలేశ్, డిప్రెషన్ అన్న ఒక్క మాటకు బెదిరిపోయాడు. పిచ్చి గోలీ అని ఫైల్లో ఎక్కిందా, ఫీల్డ్ డ్యూటీ గోవిందా! స్ట్రిప్ చెత్తబుట్టలో పడేశాడు. రూపాలి చూసింది. మర్నాటి నుంచి రోజూ భోజనమయ్యాక కాల్షియం సీసా తెచ్చేది.

"ఎముకలకు మంచిదట. మింగు."

మింగాడు. నెల దాటేసరికి మంట సగానికి సగం తగ్గింది. ఆమె చేతి చలువ అనుకున్నాడు.

పదకొండు నలభై. ముద్ఖేడ్ ప్లాట్‌ఫారం. రైలు కదిలింది. చివరి బోగీ మెట్టు మీద రూపాలి. నిలేశ్ పరిగెత్తాడు. కాలు మొరాయించలేదు. చెయ్యి పట్టి లాగేశాడు. ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద పడ్డారు.

"ఉరికినవు గద!" ఆమె ఏడుస్తూనే నవ్వింది. "నా తమ్ముణ్ని ఆ ముఠోళ్లు పట్కపోయిన్రు. నేను ఎనక్కి తగ్గితే వాణ్ని చంపుతరు. నువ్వే పట్టుకుంటే వాళ్ల లెక్కల నా తప్పు కాదు. ఆ కాల్షియం సీసాల ఉన్నయి డాక్టర్ రాసిన గోలీలే. నువ్వు ఉరకాలె గద, నిలేశ్."

అతను మోకాళ్ల మీద కూర్చుని మట్టె తీశాడు. తొడిగిన చేత్తోనే తీశాడు. గుండె పగిలిపోయింది. పదకొండు పేర్లూ భద్రం. ఆమె తమ్ముణ్ని సాయంత్రానికల్లా విడిపించారు. ఆమెకు మాత్రం పన్నెండేళ్ల జైలు.

తీర్పు విన్న మర్నాడు నిలేశ్ నాందేడ్‌లో నర్సన్న ముందు కూర్చున్నాడు.

"డాక్టర్‌సాబ్, కాలు నిమ్మళమైంది. ఈ గోలీ మనసు బాధకు గూడ పనిచేస్తది గద?"

"చేస్తది. కాలుకు చిన్న డోసు చాలు. గా బాధకు పెంచాలె. ఫైల్ల రాయాల్సొస్తది మరి."

"రాసుకోండ్రి. గానీ కాల్షియం సీసాల పోసియ్యుండ్రి సాబ్. అండ్లకెళ్లి మింగుడే అలవాటైంది."