ముస్తఫా సాబు కొలిచిన గ్రౌండు

పొద్దుగూకినంక ముస్తఫా సాబు గ్రౌండు దిక్కు పోవద్దు — కొండాపూర్ తొవ్వల ఉన్న ఆ కాలేజీ హాస్టల్ల చేరిన దినమే పిల్లలకు ఈ ముచ్చట చెప్తరు. దేవుడు మనందర్ని చల్లగ చూడాలె... జెర దగ్గరికి జరుగుండ్రి, మీకు గూడ చెప్త.

ముస్తఫా సాబుది సంగారెడ్డిల బట్టల దుకాణం. ఆడపిల్లలు గూడ ఉరకాలెనని, ఉన్న ఐదెకరాలు కాలేజీకి రాసిచ్చి, ట్రాకు తన చేత్తోనే కొలిచి గీయించిన పుణ్యాత్ముడు. ఆయన పోయి రెండేండ్లయింది. అయినా... రాత్రయితే ట్రాకు అంచు రాళ్ళ మీద ఠంగ్... ఠంగ్... ఇనుప చప్పుడు. తెల్లటిదేదో వంగుతది, లేస్తది. వాచ్‌మన్ ఐలన్న అయితే ఆ చప్పుడు వినంగనే గదిల జొచ్చి గొళ్ళెం పెట్టుకుంటడు!

నిషితకు మాత్రం ఆ రాత్రి పోక తప్పలే. తెల్లారితే పటాన్‌చెరుల జిల్లా సెలెక్షన్. ఎనిమిదొందల మీటర్లు — రెండు రౌండ్లు. ఏడాది నుంచి ఎంత ఉరికినా సెలెక్షన్ టైము కంటె నాలుగు సెకండ్లు ఎక్కువే పడుతున్నయి. "ఈసారి గాకుంటే పరుగులు బంద్, కంపెనీల ప్యాకింగు పనికి పో" అని బాపు ఖరాఖండిగ చెప్పిండు. ఆఖరుసారి ఉరికి చూద్దామని గోడ దుంకింది.

మొదటి మూల తిరిగింది... రెండో మూల...

ఠంగ్.

నిషిత ఉన్నకాడనే ఆగింది. ఎదురుంగ తెల్లటి ఆకారం — వంగింది... లేచింది... ఒక్కడుగు ఇటే జరిగింది.

"ఆంజనేయా... ఆంజనేయా..." నిషిత కండ్లు గట్టిగ మూసుకుంది.

"మెల్లగ అను బేటీ," ఆకారం గుసగుసలాడింది. "లెక్క మర్చిపోత."

దయ్యానికి లెక్కలేంది? నిషిత ఒక్క కన్ను తెరిచింది. తెల్ల చాదరు కప్పుకున్న ముసలామె, చేతిల బట్టలు కొలిచే మీటరు కడ్డీ — సాబు భార్య ఖాతూన్!

"దాదీ, నువ్వా! అందర్ని పరేషాన్ చేస్తివి గదా!"

"ఏం జేయాలె? మీ సాబు ఏనాడూ బట్ట ఉత్త మీటరు కోయలే. మీటరు మీటరుకు రెండు వేళ్ళంత కొసరు ఇడిస్తేనే ఆయన మనసు నిండేది. ఈ ట్రాకు గూడ అట్లనే కొలిచిండని నా అనుమానం. పగటిపూట కొలిస్తే ఆయన లెక్కను చూసి నలుగురు నవ్వరా? అందుకే రాత్రి వస్త... నడుమల లెక్క తప్పుత."

నిషిత కడ్డీ అందుకుంది. ఇద్దరు కలిసి గీత కాడ మొదలువెట్టి, రౌండంత కొలిచిండ్రు. మూడొందలు... నాలుగొందలు... గీత ఇంకా రాలే! వచ్చేసరికి — నాలుగొందల పద్నాలుగు.

అంటే రెండు రౌండ్లకు ఇరవై ఎనిమిది మీటర్లు ఎక్కువ. ఏడాదంత ఏడ్పించిన నాలుగు సెకండ్లు ఏడ దాక్కున్నయో దొరికినయి. నిషిత అక్కడ్నే కూలవడి నవ్వుతనే ఏడ్చింది.

"తప్పు జేసిండా బేటీ?" ముసలామె పక్కన కూసొని అడిగింది.

"లేదు దాదీ. మాక్కూడ కొసరు ఇచ్చిండు."

తెల్లారి పటాన్‌చెరుల ఏమైందంటరా? పైవాడి దయ — నిషిత అందరికంటె ముందు గీత దాటింది. టైము అందింది. చప్పట్లు మోగినయి. కానీ పిల్ల ఆగితే గదా!

"అయిపోయిందమ్మా, ఆగు! ఎక్కడికా పరుగు?" కోచ్ సత్తిబాబు సారు ఎనుక నుంచి మొత్తుకుంటున్నడు.

"ఇంకా ఇరవై ఎనిమిది మీటర్లున్నయి సారూ!"