వెన్న తీసిన పాలు

పొద్దున్నే రాజులమ్మ పాలగిన్నె మూత తీసింది. నిన్న సాయంత్రం కాచిన పాలు. పైన మీగడ అన్న మాటే లేదు, గిన్నె అడుగున గీతలు పైకి కనిపిస్తున్నాయి. బియ్యం కడిగిన నీళ్లయినా ఇంతకంటే చిక్కగా ఉంటాయనుకుంటూ ముక్కు చిట్లించుకుని గ్యాస్ వెలిగించింది. ఐదు నెలలుగా ఆవిడకి తెల్లవారేది ఈ రోతతోనే.

బయట అనంతగిరి ఇంకా మంచులోనే ఉంది. ఘాట్ రోడ్డు మీద కోట నుంచి వచ్చే బస్సు గేరు మార్చుకుంటూ ఎక్కుతున్న చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు. ఇలాంటి చలిలో చిక్కటి పాలతో కాఫీ కలుపుకుని, స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగడం ఆవిడకి ముప్పై ఏళ్ల అలవాటు. చుట్టూ కాఫీ తోటలు పెట్టుకుని, అంత మంచి డికాషన్‌లో ఈ నీళ్లు పోసుకోవాల్సి రావడం ఏ జన్మ పాపమో ఆవిడకి అర్థం కాలేదు.

"ఏటే, అలా మొకం పెట్టావు? పాలు ఇరిగిపోనాయా?" అన్నాడు భర్త సన్యాసిరావు, మఫ్లర్ సర్దుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి.

"ఇరగడానికి అందులో ఏటుందనండీ? ఇరిగితే బాగున్ను, పారబోసీదాన్ని."

సన్యాసిరావు నవ్వబోయి ఊరుకున్నాడు. టైడా రైల్వే స్టేషన్‌లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఐదు నెలల కిందట సంతలో గుండె పట్టుకుని కూలబడిపోతే విశాఖ తీసుకెళ్లి స్టెంట్ వేయించారు. నెయ్యి, వెన్న, మీగడ మానేయమన్నాడు డాక్టరు. కొడుకు బాలాజీ ఆ మాటని మంత్రంలా పట్టుకున్నాడు. విశాఖలో ఉద్యోగం చేసి శనివారం శనివారం ఇంటికొచ్చే బాలాజీ, వచ్చినప్పుడల్లా ఓ సంచీ నిండా ప్యాకెట్లు తెచ్చేవాడు. వెన్న తీసిన పాలు, అట్టముక్కల్లాంటి డైట్ బిస్కెట్లు, తెల్లటి గ్రీజులా ఉండే డైట్ వెన్న. ఆ వెన్న డబ్బా మూత తీస్తే రాజులమ్మకి సుద్దముక్కల వాసన కొట్టేది.

డాక్టరు చెప్పింది ఒక్కడికి. ఇంట్లో అమలైంది ఐదుగురికీ. అమలు చేసింది మాత్రం బాలాజీ కాదు, రాజులమ్మే. ఆవిడ ఇంట్లో పంక్తిభేదం ఉండకూడదు. ఒకే వరసలో కూర్చున్నవాళ్లకి ఒకే గిన్నెలోంచి వడ్డించాలి. పెద్దాయనకి పలచటి పాలు పోసి, పక్కన కూర్చుని తాము మీగడ పెరుగు నాక్కుంటే అంతకన్నా అసహ్యం ఇంకోటి లేదని ఆవిడ నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. తల్లి పోయాక రాజులమ్మ పెదనాన్న ఇంట్లో పెరిగింది. పెద్దమ్మ వడ్డిస్తూ తన పిల్లలకి గడ్డపెరుగు వేసి, రాజులమ్మ దగ్గరికి వచ్చేసరికి గిన్నె మార్చేది. రెండో గిన్నెలో నీళ్ల మజ్జిగ. పక్క విస్తళ్లలో తెల్లగా పేరుకున్న పెరుగు చూస్తూ, తన విస్తట్లోంచి జారిపోయే ఆ నీళ్లని చేత్తో అడ్డుకుంటూ తిన్న రోజులు ఆవిడ మర్చిపోలేదు. తన ఇంట్లో గిన్నె మార్చేది లేదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

అందుకే కోడలు బిందుమాధవి అడిగినప్పుడు కసిరింది. బిందు అక్కడి ఆశ్రమ పాఠశాలలో టీచరు. మాట మెత్తన. ఏడాదిన్నర కూతురు లాస్యని చంకన వేసుకుని వచ్చి, "అత్తయ్యా, పాపకి మాత్రం మామూలు పాలు తెప్పిద్దామా? ఇవి తాగడం లేదు, ఉమ్మేస్తోంది," అంది.

"ఒక ఇంట్లో రెండు రకాల పాలా? అలవాటైతే అదే తాగుతాది."

నెల పోయాక మళ్లీ వచ్చింది. "పాప బరువు పెరగలేదట అత్తయ్యా. అంగన్‌వాడీ ప్రసన్నక్క చెప్పింది."

"మా బాలాజీ కూడా ఈ వయసుకి పుల్లలాగే ఉండీవాడు. మా వాళ్లంతా సన్నమే," అని తేల్చేసింది రాజులమ్మ. బిందు మూడోసారి అడగలేదు.

ఆ ఆదివారం మిరియాలు ఎండబెట్టిన చాప తిప్పుదామని రాజులమ్మ దొడ్లోకి వెళ్లింది. బాత్రూము గోడ వెనకనుంచి వాసన వచ్చింది. వేడన్నంలో కరుగుతున్న వెన్న వాసన. ఆవిడ నోట్లో నీళ్లూరాయి, అలా ఊరినందుకు తనమీద తనకే ఏవగింపు కలిగింది. చప్పుడు చేయకుండా గోడ దాటి చూసింది. అంట్లు తోమే బండ పక్కన, సబ్బునీళ్లు పారే చోట, బిందు గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్లో లాస్య. స్టీలు డబ్బాలో పసుపుపచ్చగా వెన్న కలిపిన ముద్దపప్పన్నం. పిల్ల తల్లి వేళ్లని వదలకుండా నాకుతోంది.

"ఏటి సేత్తన్నావు బిందూ?"

బిందు ఉలిక్కిపడి డబ్బాని కొంగుతో కప్పింది. ముద్ద దూరమయ్యేసరికి పిల్ల గుక్క పెట్టింది.

"ఛీ! ఛీ! బాత్రూం ఎనకాల కూకోని దొంగతిండా! నా ఇంట్లో! ఆయన లోపల ఆ నీల్లు తాగుతుంటే, ఈడ నువ్వు వెన్న దాసుకుని పెడతన్నావా? ఒరే బాలాజీ, ఇలా రా! నీ పెళ్లాం ఏరే బంతి పెట్టింది, సూడు!"

బాలాజీ తువ్వాలు భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకే సన్యాసిరావు. బిందు లేచి నిలబడింది. ఈసారి తల దించుకోలేదు.

"నాకూ రోతగానే ఉంది అత్తయ్యా. ఈ కంపులో కూర్చుని నా బిడ్డకి అన్నం పెడుతుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. కానీ రెండుసార్లు అడిగాను. మీరు వినలేదు. మూడోసారి అడిగే ధైర్యం లేక దొంగనయ్యాను. నాలుగు రోజులుగా పెడుతున్నాను. ఐదు నెలల్లో దీని బరువు పావుకిలో కూడా పెరగలేదు."

"ఫ్యాట్ ఎవరికీ మంచిది కాదనే కదా నేను..." అని నసిగాడు బాలాజీ.

"నువ్వు ఆగరా," అంది రాజులమ్మ. "ఆ ప్రసన్న తూకం సరిగ్గా ఎయ్యలేదేమో ఎవలికి తెలుసు? రేపు నానే తీసుకెల్తాను. నా కళ్లెదర తూయమంటాను. అప్పుడు సూద్దాం, ఎవలిది తప్పో!"

అన్నంత పనీ చేసింది. మర్నాడు బిందు బడికి వెళ్లగానే లాస్యని శాలువాలో చుట్టుకుని అంగన్‌వాడీకి బయల్దేరింది. దారిపొడుగునా ప్రసన్నని ఏమని దులపాలో మనసులో అల్లుకుంటూనే ఉంది.

ప్రసన్న పిల్లని తూకం మీద పడుకోబెట్టింది. ఎనిమిది కిలోల వంద గ్రాములు. మళ్లీ వేయమంది రాజులమ్మ. మళ్లీ అంతే. అప్పుడు ప్రసన్న మూడు రంగుల కాగితం టేపు తీసి పిల్ల జబ్బకి చుట్టింది. చూపుడుగీత పసుపురంగులో ఆగింది.

"నువ్వు బిగించీసి సూత్తన్నావు. ఇలా తే," అని రాజులమ్మ టేపు లాక్కుంది. తన చేత్తో చుట్టింది. వదులుగానే చుట్టింది. టేపు కింద ఆ జబ్బ పొట్లకాయ పిందెలా తగిలింది. రోజూ నీళ్లు పోసే చెయ్యే, రోజూ నూనె రాసే జబ్బే, ఇన్నాళ్లూ ఎందుకు తగల్లేదో మరి. గీత మళ్లీ పసుపులోనే ఆగింది.

"పచ్చలో ఉండాలమ్మా. పసుపంటే పిల్ల నీరసంలోకి దిగిపోతున్నట్టు. ఎరుపులోకి ఎళ్లిందంటే ఆస్పత్రే," అంది ప్రసన్న. "ఈ వయసులో కొవ్వుంటేనే పిల్ల ఎదిగీది. ఇంట్లో ఏటి తాగిత్తన్నారు?"

"పాలే."

"ఏ పాలు?"

రాజులమ్మ పిల్ల మీద శాలువా సర్దింది. "మా ఆయన తాగే పాలు," అంది చివరికి.

ప్రసన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పెద్దోళ్ల పథ్యం పిల్లలకి పెట్టకూడదమ్మా," అని మాత్రం అంది.

తిరిగొచ్చే దారిలో కల్వర్టు దగ్గర సుక్రు ఆవు కనిపించింది. సుక్రు పక్క గూడెం మనిషి. ఆవు ఈని రెండు నెలలైనా పాలు పితకడు. రాజులమ్మ ఎన్నిసార్లో దెప్పింది, అంత పాలావుని పెట్టుకుని పితకడం చేతకాదా అని. అప్పుడల్లా అతను "దూడది దూడకే గదమ్మా" అని నవ్వేసేవాడు. ఇవాళ దూడ తోక ఆడిస్తూ పొదుగుని కుమ్ముతోంది. మూతి నిండా నురగ. శాలువాలోంచి లాస్య వేలు చాపి "అం... అం..." అంది.

రాజులమ్మ కల్వర్టు మీద కూలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది. పెద్దమ్మ గిన్నె మార్చి నీళ్లు పోసింది. తను గిన్నె మార్చకుండానే పోసింది. నీళ్లు నీళ్లే కదా! పైగా ధర్మం చేస్తున్నానని మురిసిపోయింది. పొలం నుంచి వస్తున్న సుక్రు ఆగి, "ఏటమ్మా, ఒంట్లో బాగులేదా?" అని అడిగాడు. ఏమీ లేదని చెయ్యి ఊపింది. ఆ చెయ్యి చూస్తేనే ఆవిడకి రోత పుట్టింది.

బస్టాండు దగ్గర కొట్లో వెన్నపాల ప్యాకెట్లు రెండు కొని ఇంటికొచ్చింది. పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి. సాయంత్రం బడినుంచి వచ్చిన బిందు చేతిలో పాలగ్లాసు పెట్టి, "ఇంట్లో కూకోని తాగించు. గదిలో కాదు, హాల్లో, అందరి ముందూ," అంది. కోడలి ముఖంలోకి చూడలేక, "ఆ బాత్రూం ఎనకాల... నిన్ను అలా కూకోబెట్టింది నానే. దొంగని నువ్వు కాదమ్మా," అంది. బిందు గ్లాసు పక్కన పెట్టి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. మధ్యలో లాస్య గ్లాసు దొర్లించబోతే ఏడుపు ఆపి గ్లాసు పట్టుకున్నారు.

చిక్కు ఆ తర్వాతి ఆదివారం వచ్చింది. బాలాజీ కూడా ఉన్నాడు. అందరూ వరసగా కూర్చున్నారు. చివర్లో రాజులమ్మ ఒక చేతిలో గడ్డపెరుగు, ఇంకో చేతిలో పలచటి మజ్జిగ పట్టుకుని నిలబడిపోయింది. పిల్లకి పెరుగు వేయాలి. కోడలికీ వేయాలి, ఎండిపోయింది. పక్కనే భర్త. ఇంత వయసొచ్చాక తను పెద్దమ్మ కావడమా!

సన్యాసిరావు చూశాడు. తన కంచం పట్టుకుని లేచి, వసారాలోకి వెళ్లి బల్ల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏటండీ, అక్కడికెల్లిపోనారు?"

"ఇది రెండో బంతి. రెండో బంతిలో ఏరే వంటుంటే ఎవలికీ పాపం లేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఐదు నెలలనుంచి సూత్తన్నాను. గుంట ఆ పాలు ఉమ్ముతున్నప్పుడల్లా, దాని నోటికాడది నానే తినీసినట్టుండీది. సెప్పడానికి నోరు రాలేదు. రోగం నాది, పథ్యం నాది. నన్ను తిననీయండి."

బాలాజీ తల వంచుకుని కంచంలో గీతలు గీశాడు. రాజులమ్మ కళ్లు తుడుచుకుని లాస్య కంచంలో గరిటెడు గడ్డపెరుగు వేసింది. కొడుక్కీ కోడలికీ వేసింది. పిల్ల రెండు చేతులతో పెరుగు ముఖాన పులుముకుంది.

"మీరూ కూర్చోండి అత్తయ్యా," అంది బిందు, గరిట అందుకుని. "ఎన్నాళ్లయిందో మీరు తిని. నేను వేస్తాను."

రాజులమ్మ ఆ పెరుగు వంక చూసింది. పైన మీగడ మడతపడి ఉంది. గుటక మింగింది. కంచం తీసుకుని వసారాలోకి నడిచి, భర్త పక్కన కూర్చుంది.

"నీకేటైందే? నీ గుండె బాగానే ఉంది గదా?" అన్నాడు సన్యాసిరావు.

"ఒక్కలు కూకుంటే అది బంతేటండీ?"

మజ్జిగ ఇద్దరి కంచాల్లోనూ పోసింది. నీళ్లు అన్నం మెతుకుల మధ్యనుంచి జారిపోతుంటే చేత్తో అడ్డుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ముఖం వికారంగా పెట్టింది.

"ఛీ! ఏటి మజ్జిగోగానీ," అని, ఇంకో గరిటెడు పోసుకుంది.