పాత రన్‌వే మీద పిలుపు

ఆ పాత రన్‌వే మంచిది కాదని అందరూ అంటారు. ఎప్పుడో అక్కడ ఓ చిన్న విమానం కూలి పైలట్ పోయాడట. అప్పట్నుంచీ చీకటిపడితే పైనుంచి పిలుపొస్తుందట... అదీ మన సొంతవాళ్ల గొంతుతో. పలికామో, ఇక అంతే. కళ్లు మూసుకుని ఉన్నచోటే నిలబడాలి. వెనక్కి మాత్రం తిరగకూడదు.

ఫ్లయింగ్ స్కూల్ క్యాంటీన్ నడిపే అక్కకి ఇదంతా నూరిపోసింది గేటు దగ్గరి వాచ్‌మన్ తాత. ఆవిడకి నోరు పెద్దదే గానీ ఉత్త పిరికిది. అయినా ఏం చేస్తుంది, ఇంటికి దగ్గర దారి అదే.

తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది తనే. వాడిప్పుడు అదే స్కూల్లో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. ఆ సాయంత్రం ఒక్కడే విమానం తీసుకెళ్లాడు. వాడొచ్చేసరికి వేడిగా ఏదైనా వండుదామని గిన్నెల సంచి పట్టుకుని బయల్దేరింది.

రన్‌వే సగం దాటింది. చీకటి ముసురుకుంది... ఆకు కూడా కదలట్లేదు...

"అక్కా!"

వెనకనుంచి... పైనుంచి. తమ్ముడి గొంతే.

విమానమైతే చెవులు చిల్లులు పడేలా మోత రాదూ? ఇదేంటి, ఉత్త గొంతు! ఇంకేముంది, తాత చెప్పిందే. సంచి గుండెకి హత్తుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడిపోయింది.

"అక్కా... తప్పుకో! పక్కకి పో!"

కాళ్లు కదిలితేనా! నువ్వు నా తమ్ముడివి కాదు, నేను పలకను... అని లోపల్లోపలే గొణుక్కుంది.

నెత్తి మీదుగా గాలి విసురుగా కొట్టింది. పక్కనే పెళపెళమని చప్పుడు— తర్వాత ఏమీ లేదు.

కళ్లు తెరిచింది.

రన్‌వే పక్క గోతిలో, ముక్కు నలిగిపోయిన చిన్న విమానం. ఇంజను గాల్లోనే ఆగిపోయింది, ఇక మోత ఎక్కణ్నుంచి వస్తుంది? స్కూలు కొత్త రన్‌వే దాకా చేరలేక, ఇక్కడ దించబోయాడు. చూస్తే దారిలో అక్క. కిటికీ తెరిచి గొంతు చించుకున్నాడు. ఆవిడ కదల్లేదు. వాడే పక్కకి తిప్పేశాడు.

పరుగెత్తుకెళ్లి తలుపు లాగింది. గోళ్లు విరిగాయి గానీ తలుపు రాలేదు. లోపల్నుంచి వాడు చూశాడు.

"అన్నిసార్లు పిలిచాను కదక్కా... పలకవేం?"

జవాబు వినేదాకా వాడు లేడు.

ఇప్పుడా రన్‌వే మీద చీకటిపడ్డాక ఓ ఆడగొంతు వినిపిస్తుందని జనం చెప్పుకుంటున్నారు. "తప్పుకున్నా నాన్నా... దిగు," అంటుందట. భయపడి అటు ఎవరూ పోవడం లేదు.

దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అది అక్కే. రోజూ వెళ్లి ఆ గోతి పక్కన నిలబడి, పిలవకముందే పలుకుతోంది.