ఉప్పెన దిబ్బ దగ్గర ముందు చక్రాలు

దివిసీమలో సముద్రపు కరకట్ట పక్కన ఉప్పెన దిబ్బ అని ఒక చోటుంది. డెబ్బై ఏడు ఉప్పెనలో కొట్టుకొచ్చిన శవాల్ని, ఎవరు ఎవరో పోల్చుకునే వీలు లేక, అక్కడ ఒకే గోతిలో కప్పెట్టారట. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ పోరు. పోతే... సైకిలైనా, ఎడ్లబండైనా, ట్రాక్టరైనా సరే, అక్కడికి రాగానే దిగబడుతుందట. కింద నించి పట్టుకుంటారట.

నాకు విజయవాడ ఆటోనగర్లో జీపుల షెడ్డు ఉంది. చక్రం ఆగిందంటే నేను బేరింగు చూస్తాను గానీ దెయ్యాన్ని వెతకను. ఈ సంగతి నాకు చెప్పింది ఏసుపాదం. అతను చెప్పింది చెప్పినట్టే చెబుతాను. ఆఖరి ముక్క మాత్రం నేను కళ్ళారా చూసింది.

ఏసుపాదం ఆ దిబ్బకి అవతల, సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఉండేవాడు. జాలర్ల దగ్గర చేపలూ రొయ్యలూ ఎత్తుకుని అవనిగడ్డ చేర్చడం అతని పని. రెండు వేల ఒకటిలో ఉయ్యూరు వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర పాత జీపు కొన్నాడు.

"ఫోర్‌వీల్ బండి. ముందు చక్రాలు కూడా లాగుతాయి. బురదంటే నీకింక బెంగ లేదు" అన్నాడు కాంట్రాక్టరు. గేరు పక్కన ఉన్న చిన్న లివరు లాగి చూపించాడు. టక్కుమని పడింది. ఏసుపాదం నమ్మాడు.

ఆ అక్టోబరులో ముసురు పట్టిన మూడో రోజు, దీపాలు పెట్టే వేళ దాటాక, పేరమ్మ వచ్చి అతని తలుపు కొట్టింది.

"ఏసూ... గంగకి పొద్దుటి నించీ నొప్పులయ్యా. బిడ్డ అడ్డం తిరిగిందంటోంది మంత్రసాని. నా వల్ల కాదు, ఆస్పత్రికి తీసుకుపొమ్మంది."

పేరమ్మకి మిగిలింది గంగాదేవి ఒక్కతే. ఉప్పెనకి ముందు కోటి అని ఒక కొడుకు ఉండేవాడు. తొమ్మిదేళ్ళవాడు. నీళ్ళొచ్చిన రాత్రి తల్లి చేతిలోంచి జారిపోయాడు. ఆ దిబ్బలో ఉన్నాడో, సముద్రంలోనే ఉండిపోయాడో ఆమెకి తెలీదు. గంగ ఆ మరుసటేడు పుట్టింది.

జీపు వెనక చాప పరిచి గంగని పడుకోబెట్టారు. తల దగ్గర పేరమ్మ, కాళ్ళ దగ్గర గంగ మొగుడు నాగులు. వేరే దారి లేదు. కరకట్ట మీదే పోవాలి.

అంతా నల్లమట్టి. ఒక పక్క రొయ్యల చెరువులు, ఇంకో పక్క మడచెట్లు. వాన ఆగకుండా పడుతోంది. దిబ్బ దగ్గరికి రాగానే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి... దిగబడ్డాయి.

ఏసుపాదం కంగారు పడలేదు. చిన్న లివరు లాగాడు. టక్... పడింది. క్లచ్చు వదిలాడు. వెనక చక్రాలే తిరిగాయి. ముందువి కదల్లేదు.

లివరు తీసి మళ్ళీ వేశాడు. లోపల పళ్ళు కలవలేదేమోనని బండిని కాస్త వెనక్కి కదిపి మళ్ళీ వేశాడు. ఊహూ...

నాగుల్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, క్లచ్చు ఎలా వదలాలో చెప్పాడు. టార్చి పట్టుకుని బురదలో బోర్లా పడుకుని బండి కిందకి చూశాడు.

ముందుకి పోయే షాఫ్టు తిరుగుతోంది!

అంటే ఇంజను బలం ముందు ఇరుసు దాకా వస్తోంది. అక్కణ్ణించి చక్రానికే అందడం లేదు. చక్రం మధ్యలో ఉండే హబ్బులో ఏదో పట్టు వదిలిందనుకున్నాడు. హబ్బు మూత విప్పబోయాడు. బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. పానా జారింది. సుత్తితో కొడితే అతని వేలే చితికింది.

"ఎంతసేపయ్యా..."

"అయిపోయింది పెద్దమ్మా. ఇదిగో, అయిపోయింది."

అవలేదు. మడకొమ్మలు విరిచి చక్రాల కింద తోశారు. గోనెసంచులు వేశారు. నాగులు వెనక నించి భుజం ఆనించి తోశాడు. బండి ఇంకో జానెడు దిగింది.

ముందుకైనా వెనక్కైనా ఊరు నాలుగు మైళ్ళు. ఆ పల్లెలో అప్పటికి సెల్‌ఫోను ఉన్నవాడు లేడు. ఉన్నా, ఆ వానలో ఆ దారికి ఎవరొస్తారు?

అంతవరకూ అరుస్తున్న గంగ అరవడం మానేసింది.

పేరమ్మ బండి దిగింది. వానలో దిబ్బ వైపు తిరిగి నిలబడింది. గట్టిగా అరవలేదు. ఆడుకుంటున్న పిల్లాణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"ఒరే కోటీ... నువ్వు చూడని చెల్లెల్రా ఇది. లాగరా నాయనా... నీతో ఉన్నోళ్ళని కూడా పిలువు. లాగండ్రా..."

వాన చప్పుడు. అంతే.

పేరమ్మ వచ్చి కూర్చుంది. ఏసుపాదం ఆశ లేకుండానే మళ్ళీ లివరు వేశాడు. క్లచ్చు వదిలాడు...

బండి ముందు భాగం ఒక్కసారి కిందకి వంగింది. ముందు చక్రాలు తిరిగాయి. వాటి కింద నించి మట్టి ఎగిరి, తలుపు లేని ఆ బండిలో కూర్చున్న ఏసుపాదం మోకాళ్ళ మీద పడింది. జీపు గుంటలోంచి లేచి గట్టి నేల ఎక్కింది.

నాగులు పరిగెత్తుకొచ్చి వెనక ఎక్కాడు. గంగ అతని చెయ్యి పట్టుకుని తల కాస్త ఎత్తింది. అద్దంలోంచి ముందుకి చూస్తోంది.

"అమ్మా..." అంది చిన్నగా. "బండి ముందు... ఇంతమంది ఎవరే?"

లైట్ల వెలుగులో ఏసుపాదానికి వాన తప్ప ఏమీ కనిపించలేదు.

గంగ మళ్ళీ మాట్లాడలేదు. అవనిగడ్డ ఇంక రెండు మైళ్ళుందనగా ప్రాణం పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

పేరమ్మ ఏడవలేదట. అన్నం మానేసింది. ఎవరు పలకరించినా ఒకటే మాట.

"లాగమని నేనే పిలిచాను. దేన్ని లాగాలో చెప్పలేదు..."

ఏసుపాదం పదిరోజులు విన్నాడు. ఇక వినలేక, "పెద్దమ్మా, దెయ్యాలూ లేవు, ఏమీ లేవు. హబ్బు తుప్పుపట్టి ఫోర్‌వీల్ ఆలస్యంగా పట్టింది. అంతే. బెజవాడ తీసుకెళ్ళి విప్పించి, ఆ తుప్పు ముక్క తెచ్చి నీ చేతిలో పెడతాను" అన్నాడు.

"నిజమేనా ఏసూ?" అందట ఆమె. ఆ పూట రెండు ముద్దలు తిందట.

అందుకని వచ్చాడు నా షెడ్డుకి. ఇదంతా చెప్పి, "ఆ ముక్క ఒక్కటీ తీసివ్వండి మేస్త్రి గారూ. బండి బాగవకపోయినా పర్లేదు" అన్నాడు.

జాకీ మీద ఎక్కించాను. బోల్టులు గ్యాసుతో కోయించాను. ఎడం వైపు హబ్బు మూత తీసి, లైటు పెట్టి చూశాను.

ఆగి... కుడి వైపు కూడా విప్పాను.

ఇరుసు నించి చక్రాన్ని తిప్పడానికి లోపల ఒక ఉక్కు రాడ్డు ఉంటుంది. అది లేదు. రెండు వైపులా లేదు. డీజిలు కలిసొస్తుందని కొందరు ఆ రాడ్లు తీయించేసి, ఉత్త మూతలు బిగించేస్తారు. లివరు టక్కుమంటుంది, షాఫ్టు తిరుగుతుంది. చక్రాలకీ ఇంజనుకీ మాత్రం సంబంధం ఉండదు. లోపల గ్రీజు ఎండి రాయిలా అయిపోయింది. తీసేసి ఏళ్ళయ్యుంటుంది.

ఇంజను ఆ ముందు చక్రాల్ని తిప్పిందనడం... జరగని పని.

ఏసుపాదం వంగి ఆ బొక్కలోకి చాలాసేపు చూశాడు. వేలు పెట్టి తడిమాడు.

"తిరిగాయండీ..." అన్నాడు గొంతు తగ్గించి. "మట్టి నా మీద పడింది."

వేలు లుంగీకి తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు.

"మరి... పేరమ్మకి ఏం చూపించమంటారు?"

నేను కొత్త బోల్టులు వేసి ఆ మూతలు రెండూ మళ్ళీ బిగించేశాను.