ఏడు ఎడమకాలి బూట్లు

మెట్ల కింది గది సంగతి చెప్పబోయే ముందు, ఆ గదిలో ఏ పని జరిగిందో, ఎవరు చేశారో చెప్పడం నా విధి. పెద్దలను వదిలిపెట్టి, వారింటి దెయ్యాన్ని మాత్రం చెప్పుకోవడం మర్యాద కాదు.

మా మామగారు మామూలు కాళ్లకు బూట్లు కుట్టలేదు. ఒక కాలు పొట్టివారు, మడమ వంకరపోయినవారు, మూడు వేళ్లే మిగిలినవారు - అటువంటివారికే కుట్టారు. పాదం కాలిపోయిన మనిషి ఒకరు గోడ పట్టుకుని మా గడప ఎక్కి, ఏ గోడా పట్టుకోకుండా దిగి వెళ్లారు. మా అత్తగారు కొలతలు రాసేవారు, తానూ కుట్టేవారు. అటువంటివారి రెండు కాళ్లు ఒకదానినొకటి పోలవు గనుక, ఏ పాదానికి ఆ పాదానికి వేరే కాగితం. ఎడమ పాదాలు ఎడమ బీరువాలో, కుడి పాదాలు కుడి బీరువాలో. ఎడమ బల్ల, కుడి బల్ల కూడా వేరు. కుడి బల్ల మీద కుట్టేవారు ఎడమ బూటును ముట్టుకోరు. ఇది మా కార్ఖానా కట్టుబాటు.

వరద వచ్చిన ఏడాది అత్తగారు తన బట్టల పెట్టెను నీళ్లకు వదిలేసి, కొలతల కాగితాలను నెత్తిన పెట్టుకుని మిద్దె ఎక్కారు. మర్నాటి నుంచి ఆమె ఒక నియమం పెట్టారు. ప్రతి కొలతకూ రెండో ప్రతి ఉండాలి. అది వేరే ఇంట్లో ఉండాలి. ఏడాదికొకసారి ఆ రెండో ప్రతిని మాత్రమే చూసి ఒక జత కుట్టి, ఆ మనిషిని పిలిచి తొడిగి చూడాలి.

"రాసి దాచడం సగం పనే. తిరిగి తీసినప్పుడు కాలికి పట్టాలి" అనేవారు.

ముప్పై ఒక్క ఏళ్ల క్రితం, ఆ గదిలోనే, కలం చేతిలో ఉండగానే ఆమె పోయారు.

అప్పటి నుంచి ఆ గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక లోపల ఎవరో కాగితాలు తిరగేస్తున్నట్టు ఉంటుందనేవారు. కాపలాదారు ఆ మెట్ల పక్కగా వెళ్లేటప్పుడు తాను వస్తున్నట్టు ముందే తెలియాలని దగ్గుకుంటూ వెళ్లేవాడు. నేను మాత్రం ఇవేవీ చెవిన పెట్టలేదు. మా అత్తగారు బతికి ఉన్నన్నాళ్లూ ఎవరినీ భయపెట్టలేదు - నన్ను తప్ప.

తొమ్మిదేళ్ల క్రితం ఆ గదిలోకి సర్వర్ వచ్చింది.

కార్ఖానా ఇప్పుడు మా అమ్మాయిది. యంత్రాల వ్యవహారం అల్లుడిది. నాలుగు వేల మంది పాదాలను ఆయన కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. యంత్రానికి చోటు కావాలని రెండు బీరువాల కాగితాలనూ పాత సామానుతో పంపించేశాడు. వేరే ఇంట్లో ఉన్న రెండో ప్రతులూ ఆ బండిలోనే వెళ్లాయి. భయపడనక్కరలేదనీ, రోజూ రాత్రి నకలు దానంతట అదే ఒక చిన్న పెట్టెలోకి వెళ్లిపోతుందనీ నాకు నచ్చజెప్పాడు. ఆ పెట్టె ఎక్కడుంటుందని అడిగాను. సర్వర్ మీదనే ఉంటుందన్నాడు.

అప్పుడు నోరు విప్పినవాడు మైనం బాబాయి ఒక్కడే. కుడి బల్ల మీద అత్తగారి దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఎప్పుడూ దారానికి మైనం రాస్తూ ఉంటాడని పిల్లలు పెట్టిన పేరు. ఆ పెట్టెలోంచి తీసి ఎవరైనా కుట్టి చూశారా అని అడిగాడు. అల్లుడు నవ్వి, "మీకెందుకు మామగారూ, మీరు మీ దారం చూసుకోండి" అన్నాడు.

ఆ రోజు నుంచి బాబాయి అల్లుడితో మాట్లాడలేదు. తొమ్మిదేళ్లు. ఎదురుగా నిలబడి ఉన్నా, "దారం అయిపోయిందని అల్లుడుగారితో చెప్పమ్మా" అని మా అమ్మాయితో చెప్పేవాడు. అల్లుడు కూడా, "రేపు వస్తుందని చెప్పు" అనేవాడు. మధ్యలో అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఊరుకునేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మొన్న శీతాకాలం ఆ గదిలో చప్పుడు మొదలైంది. టక్... టక్... ఆగి, మళ్లీ టక్. చెక్క పాదం ఒకటి నేల మీద నడుస్తున్నట్టు.

ఆ మర్నాటి ఉదయం గది తలుపు ముందు ఒక బూటు కనబడింది.

కొత్తది. చక్కగా కుట్టినది. ఎడమకాలిది.

రెండో నాడు ఇంకొకటి. అదీ ఎడమకాలిదే, మరొక మనిషిది. మూడో నాడు మరొకటి. ఎడమ బల్ల వాళ్లను అమ్మాయి నిలదీస్తే, తమ చేతి పని కాదని పిల్లల మీద ఒట్టేశారు. కుడి బల్ల వాళ్లను ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. కాపలాదారు మాత్రం పోయిన పెద్దమ్మగారు మళ్లీ పనిలోకి దిగారని తేల్చి, దగ్గడం కూడా మానేసి ఆ దారినే వదిలేశాడు.

అల్లుడు దెయ్యాలను నమ్మడు. పాత యంత్రం మొరాయిస్తోందని, కొత్త బ్యాకప్ ఏర్పాటు కోసం రెండు సంస్థల వాళ్లను పిలిచాడు. సోమవారానికి ఏదో ఒకటి తేల్చాలి. ఏం ఉండాలో ఒక పట్టిక రాసుకున్నాడు. నమ్మనివాడే అయినా, పట్టిక చివర "తలుపు ముందు బూట్లు" అని కూడా చేర్చాడు.

మొదటి పెద్దమనిషి తన పెట్టెలో ఎంత పడుతుందో గంటసేపు చెప్పాడు. రెండో ఆయన క్లౌడ్ అన్నాడు. మా పాదాలు మూడు దేశాల్లో ఒకేసారి ఉంటాయన్నాడు. మనిషి ఒకచోట, పాదం మూడుచోట్ల ఎలాగని నేను అడిగితే, మర్యాదగా నవ్వాడు. బూట్ల సంగతి అడిగినప్పుడు మొదటాయన అది వచ్చే ఏడాది చేరుస్తామని రాసుకున్నాడు. రెండో ఆయన అదనపు సేవ కిందకు వస్తుందన్నాడు. ఎంత దాస్తారో ఇద్దరూ చెప్పారు. తిరిగి ఇవ్వడం ఎలాగో ఇద్దరూ చూపించలేదు.

అమ్మాయికి నిద్ర లేదు. ఒక్కొక్క కొలత వెనక పదేసి ఏళ్ల సవరణలు ఉన్నాయి - ఇక్కడ కాస్త మెత్త, అక్కడ గోరంత ఎత్తు. అవి పోతే మళ్లీ మొదటి నుంచి ఆ మనుషుల కాళ్లను నొప్పించి నేర్చుకోవాలి. "ఆ పని నావల్ల కాదమ్మా. కొలతలు పోతే కార్ఖానా మూసేస్తాను" అంది నాతో, మెల్లగా.

ఆదివారం రాత్రి అల్లుడు కాపు కాశాడు. ఇక్కడి నుంచి ఆయన నాకు చెప్పినట్టే చెబుతున్నాను.

దీపాలు ఆర్పేశాడు. టార్చి చేతిలో పెట్టుకున్నాడు కానీ వెలిగించలేదు. తోళ్ల వాసన, జిగురు వాసన... ఎక్కడో కుళాయి బొట్టు. పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది.

టక్... టక్...

మెట్లు దిగాడు. అడుగు తీసి అడుగు వేయడానికి భయపడుతూ దిగాడు. తలుపు కింద నుంచి సర్వర్ పచ్చదీపం సన్నగా పాకుతోంది. ఆ వెలుగులో, నేల మీద - ఏడో బూటు.

అప్పటికి తలుపు తెరుచుకోలేదు. ఎవరూ పక్క నుంచి వెళ్లలేదు.

ఆయన వంగాడు. బూటు అందుకోబోయాడు.

వెనక నుంచి, చెవికి దగ్గరగా, ఎవరో అన్నారు -

"ఇంకొకటి... ఏదీ?"

అల్లుడి చేతిలోని టార్చి జారి దొర్లిపోయింది. దొర్లుతూ దానంతట అదే వెలిగింది. ఆ వెలుగు మెట్ల మీద కూర్చున్న మనిషి మోకాళ్ల మీద పడింది. ఆ మోకాళ్ల మీద దారపుండ ఉంది.

మైనం బాబాయి.

అల్లుడు వచ్చేసరికే బూటు పెట్టి, చీకటిలో కింది మెట్టున గోడవారగా కూర్చుని ఉన్నాడట. అల్లుడు ఆయనను దాటుకునే కిందకు దిగాడట.

"ఏడు రోజులు చూశాను అల్లుడుగారూ" అన్నాడు, తొమ్మిదేళ్ల తరువాత. "ఎవరు పెట్టారని అందరూ అడిగారు. కుడికాలిది ఏదని ఒక్కరూ అడగలేదు."

ఎదుటి మనిషి అడిగేదాకా చెప్పకూడదనేది ఆయన పట్టుదల. ఆ పట్టుదల నాకు తెలుసు, నాకూ ఉంది. కార్ఖానాలో కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పిల్లను బతిమాలి, ఆ చిన్న పెట్టెలోంచి ఏడుగురి కొలతలు తీయించుకున్నాడు. ఏడుగురివీ ఎడమ పాదాలే వచ్చాయి. నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని, జీవితంలో మొదటిసారి కట్టుబాటు తప్పి ఎడమ బూట్లు కుట్టాడు. పూర్వం కుట్టినది అత్తగారి తలుపు ముందు పెట్టే అలవాటు గనుక, అక్కడే పెట్టాడు.

ఇద్దరూ గదిలోకి వెళ్లి పెట్టెను తెరిచి చూశారు.

ఎడమ పాదాలు నాలుగు వేలు. కుడి పాదం ఒక్కటి లేదు.

బీరువాలు రెండు గనుక అల్లుడు సర్వర్‌లో డిస్కులు కూడా రెండు పెట్టాడు - ఎడమ, కుడి. మొదట ఎడమది ఎక్కించి, దానికి నకలు ఏర్పాటు చేశాడు. కుడిది వచ్చే నెల చేర్చుదామనుకున్నాడు. ఆ వచ్చే నెల తొమ్మిదేళ్లుగా రాలేదు.

టక్... టక్... అంటున్నది ఆ కుడి డిస్కే.

తెల్లవారకుండానే అల్లుడు నా తలుపు కొట్టాడు. పట్టికలో లేని మూడో మనిషిని పిలిపించాం. పాడైన డిస్కుల నుంచి సమాచారం వెలికితీసే ఒకావిడ. సంచి తెరవకముందే రెండు మాటలు అంది. మొదటిది: "ముందు దాన్ని ఆపేయండి. తిరిగిన కొద్దీ గీసుకుపోతుంది." రెండోది: "నకలులోంచి చివరిసారి ఎప్పుడు తీసి చూశారు?"

మా అత్తగారి ప్రశ్న. నేను ఆవిడకు కుర్చీ వేయించాను. పట్టిక చింపేశాం.

నాలుగో రోజున కుడి పాదాలు తిరిగి వచ్చాయి. పందొమ్మిది మాత్రం రాలేదు. ఆ పందొమ్మిది మందినీ అమ్మాయి స్వయంగా పిలిచి, క్షమాపణ చెప్పుకుని, మళ్లీ కొలిచింది. బాబాయి ఆ ఏడు బూట్లకూ కుడి జోళ్లు కుట్టాడు. ఏడుగురికీ పట్టాయి. ఇప్పుడు అల్లుడూ ఆయనా ఎంత మాట్లాడుకుంటున్నారంటే, పని సాగడం లేదని అమ్మాయి విసుక్కుంటోంది.

కథ ఇంతటితో ముగిసిందని అనుకున్నాను.

ఏడు జతలూ ఇచ్చేసిన మర్నాటి ఉదయం ఆ తలుపు ముందు ఎనిమిదో బూటు ఉంది.

కుడికాలిది. చిన్నది. పదహారో ఏట నా కుడి బొటనవేలు విరిగి పక్కకు తిరిగింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అత్తగారే కొలిచి, కాగితం బీరువాలో పెట్టారు. నేను ఇంటి మనిషిని గనుక ఆ కొలత కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. కాగితం పాత సామానుతో పోయింది.

తొడిగి చూశాను. వేలు వంపుతో సహా పట్టింది.

బాబాయిని పిలిచి, ఇది కూడా నీ పనేనా అని అడిగాను. ఆయన కుట్టును వేలితో తడిమాడు. తడిమి, మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఇది నా చేయి కాదు వదినా..." అన్నాడు. "నాకు నేర్పిన చేయి."

ఇక నేను అప్పగించినవి చెబుతాను. మెట్ల కింది గది తాళంచెవి అమ్మాయికి ఇచ్చాను. అల్లుడికి అత్తగారి నియమం నా దస్తూరీతో రాసి ఇచ్చాను: ప్రతులు రెండు కాదు, మూడు ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి, ఏడాదికొకసారి నకలులోంచే తీసి, ఎడమదీ కుడిదీ కలిపి ఒక జత కుట్టి, తొడిగి చూడాలి. ఆ కాగితానికి కూడా మరో రెండు ప్రతులు తీయించాను. అత్తగారి కొలత టేపు బాబాయికి ఇచ్చాను.

ఆ కుడికాలి బూటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నా మంచం కింద ఉంది. ఎడమది ఇంకా రాలేదు.