కుడివైపు వెనక దీపం

బావ బండిని మా మెకానిక్ షెడ్డులోకి తోసుకొచ్చి స్టాండు వేశాడు. ఇండికేటర్లు ఒకసారి వెలుగుతున్నాయట, ఒకసారి వెలగడం లేదట. వచ్చేవారం పెళ్ళిలోపు బాగుచేసి పెట్టమన్నాడు. పెళ్ళి అతనిదే. పెళ్ళికూతుర్ని నేను.

నన్నెవరూ అడగలేదు. మా అక్క పోయింది ఈ బండి మీదే. మిల్లు దగ్గర మలుపులో బావ కుడికి తిప్పాడు, వెనకే వస్తున్న లారీ గుద్దింది. "కుడి ఇండికేటరు వేశాను, వెలగలేదు. లారీవాడికి మాత్రం ఏం తెలుస్తుంది పాపం," అని పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ బావ చెప్పాడు. ఆ బండికి వైరింగు చేసింది మా నాన్న. ఆ రోజు నుంచి నాన్న చేతులు వణకడం మొదలైంది. బావ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అదే అతని గొప్పతనమని చుట్టాలంతా మెచ్చుకున్నారు. దెబ్బతిన్నవి మార్పించుకుని మళ్ళీ ఆ బండే ఎక్కి తిరిగాడు. అక్క కూతురికి ఇంకా మాటలైనా రాలేదు. "జరిగిందేదో జరిగింది మామయ్యా. పసిదానికి తల్లి కావాలి. చిన్నదాన్నివ్వండి చాలు," అన్నాడు. నాన్న తలూపాడు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాన్న చేతులు నిలవడం లేదు కాబట్టి రిపేరు నా మీద పడింది. ఈ షెడ్డులోనే పెరిగాను, వైర్లు నాకు కొత్త కాదు. అక్కకి మాత్రం పని అబ్బలేదు. నాన్న బండి పక్కన కూర్చుని విప్పుతుంటే భుజం మీదుగా టార్చి పట్టుకుని నిలబడేది. ఏదో ఆలోచనలో పడి లైటు ఎటో పట్టేది. "లైటు కొంచెం కిందకి పట్టమ్మా," అని నాన్న పదే పదే అనేవాడు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. రేకుల మీద చినుకుల చప్పుడు. పెట్రోలు వాసన, తడిసిన గోనెసంచి వాసన. తలుపు దగ్గర మిగిలిన కాస్త వెలుతురులో హెడ్‌లైటు విప్పి చూశాను. నాన్న వేసిన అతుకులు వేసినట్టే ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు, తుప్పు పట్టలేదు. కుడివైపు వెనక ఇండికేటరు మాత్రం లేదు. ప్రమాదంలో కాడతో సహా విరిగిపోయింది. రోడ్డంతా వెతికినా దొరకలేదు. బావ అదొక్కటీ కొత్తది వేయించలేదు. అక్కడ రెండు వైర్లు టేపు చుట్టుకుని వేలాడుతున్నాయి.

స్విచ్చి కుడికి నొక్కాను. ముందు దీపం వెలిగింది. టిక్... టిక్... టిక్...

నా చెయ్యి ఆగిపోయింది. జతలో ఒక బల్బు లేకపోతే రెండోది కంగారుగా టకటకా కొట్టుకుంటుంది. ఈ పాత బళ్ళన్నీ అంతే. ఇలా నిదానంగా కొట్టుకుంటోందంటే రెండూ వెలుగుతున్నట్టు లెక్క. వెనక్కి వెళ్ళి చూశాను. వైర్లు వేలాడుతూనే ఉన్నాయి.

"నాన్నా, వెనక దీపం లేదు కదా... మరి ఇంత నిదానంగా కొట్టుకుంటోందేం?"

షెడ్డు మూలన కూర్చున్న నాన్న చెవి ఒగ్గి విన్నాడు. వచ్చి స్విచ్చి ఆపేశాడు. "తడెక్కి ఉంటుందిలే," అని గొణిగాడు.

అంతలో బావ వచ్చాడు. "అయిందా? ఎక్కు, ఓసారి చూసొద్దాం."

నేను కదల్లేదు. "వెళ్ళమ్మా," అన్నాడు నాన్న, నా వంక చూడకుండా.

మిల్లు మలుపు దాకా బాగానే వెళ్ళాం. బావ కుడికి తిప్పబోయాడు. టిక్... టిక్... అతని భుజం మీదుగా చూశాను. బొటనవేలు స్విచ్చి మీద లేదు. స్విచ్చి నడిమధ్యలోనే ఉంది.

"ఎందుకు నొక్కావే?" బావ గొంతు తగ్గించి అడిగాడు.

"నేనా? నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి బావా."

స్విచ్చిని అటూ ఇటూ లాగాడు. ఆగలేదు. అప్పుడు చూశాను... అతని వీపు మీద నా నీడ పడుతోంది. నారింజ రంగు వెలుగులో. పడుతోంది... పోతోంది. ఆ వెలుగు నా వెనక నుంచి వస్తోంది. తల తిప్పలేకపోయాను. మెడ మీద సన్నగా వేడి తగిలింది.

బావ బండి పక్కకు తీసి ఆపాడు. నీళ్ళు కారుతున్న అద్దంలోకి చూస్తూ గుసగుసగా మాట్లాడాడు. నాతో కాదు. నా వెనక ఎవరితోనో.

"నొక్కలేదు... ఆ రోజు నేను నొక్కనే లేదు... సరేనా? ఇంక ఆపు."

ఆగింది.

బండిని అక్కడే వదిలేసి బావ వానలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేనే తోసుకుంటూ షెడ్డుకు తెచ్చాను. భయం ఉంది, కానీ దాన్ని మించిన తొందర ఉంది. నాన్నకి ఈ మాట చెబితే చాలు, ఆ వణుకు పోతుంది, ఈ పెళ్ళీ పోతుంది అనుకున్నాను.

"నాన్నా, నీ తప్పేం లేదు. బావ ఆ రోజు ఇండికేటరు వెయ్యనే లేదు. తన నోటితోనే అన్నాడు."

నాన్న చీకట్లో చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"తెలుసు," అన్నాడు. "ప్రమాదం జరిగాక బండి ఇక్కడికి తెచ్చిన రోజే విప్పి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి."

"మరి?"

"గొడవ పడితే మనవరాల్ని మళ్ళీ మన గడప తొక్కనిస్తాడా? నువ్వెళ్తే... అది మన కళ్ళముందు ఉంటుంది."

అక్కని చంపినవాడికి తెలిసి తెలిసీ నన్ను కట్టబెడుతున్నాడు. ఆ చేతులు ఎందుకు వణుకుతున్నాయో నాకప్పుడు అర్థమైంది.

"నేను చేసుకోను," అన్నాను. బండి పక్క మూత ఊడదీసి, బ్యాటరీ తీగలు పీకేసి, బ్యాటరీని రెండు చేతులా గుండెకు ఆనించుకున్నాను. "ఈ బండి ఇంక కదలదు."

"మొండికెయ్యకు. ఇలా ఇవ్వు." నాన్న బండి దగ్గర కూర్చుని, మళ్ళీ బిగించడానికి తీగల కోసం తడుముకున్నాడు. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడటం లేదు.

నా భుజం మీదుగా వెలుగు పడింది. నారింజ రంగు. టిక్... టిక్...

"లైటు కొంచెం కిందకి పట్టమ్మా," అన్నాడు నాన్న, అలవాటుగా.

నా రెండు చేతుల్లోనూ బ్యాటరీ ఉంది.

వెలుగు మెల్లగా కిందకి దిగింది. నాన్న చేతుల మీద ఆగింది. ఈసారి ఆరలేదు.