మూడో నంబరు గని దగ్గర బాంజో

మా కెంటకీ కొండల్లో, మూసేసిన మూడో నంబరు గని దగ్గర గనిలో దిగేవాళ్లకి దీపాలిచ్చే కొట్టు ఒకటి పాడుబడి ఉండేది. చీకటి పడితే ఆ దారిన కంపెనీ తుపాకీగాళ్లు కూడా వెళ్లేవాళ్లు కాదు. లోపల బాంజో, తోలు బిగించిన తీగల వాయిద్యం, మోగేది...

మా చెల్లెలు ఓవా మొగుడు హోబర్ట్‌ని కంపెనీవాళ్లు చంపింది అక్కడే. సమ్మెకి జనాన్ని కూడగడుతున్నాడని పట్టుకున్నారు. గడప మీద కుడిచెయ్యి పెట్టించి, తుపాకీ మడమతో వేళ్లన్నీ నలగ్గొట్టారు. అతని బాంజో తోలు చింపారు. ఆ తర్వాతే కాల్చారు. వేళ్లు నలగ్గొట్టినవాడు కేగర్ — ఒకప్పుడు మా పక్కనే బొగ్గు తవ్వినవాడు!

నిజం చెప్పేస్తాను. హోబర్ట్ దెయ్యమై వాయిస్తున్నాడని అందరూ జడిసేవాళ్లు గానీ, ఆ దెయ్యం మా చెల్లెలే.

సమ్మె కట్టామని కంపెనీ మమ్మల్ని ఇళ్లల్లోంచి గెంటేసింది. వాగు అవతల గుడారాల్లో పిల్లలు ఆకలికి ఏడవడం కూడా మానేశారు. మొక్కజొన్న పిండి నేను రాత్రిళ్లు కంచర గాడిదల మీద ఆ కొట్టు ముందు నుంచే తేవాలి. కావలివాళ్లు జడిసి తప్పుకోవాలని ఓవా ఆ బాంజోకి కొత్త మేకతోలు బిగించి, చీకట్లో ఒక్కతే కూర్చుని వాయించేది.

ఒక్కటి మర్చిపోయాం.

మా కొండల్లో వాయింపు వింటే మనిషి తెలిసిపోతాడు. ఓవా గోటి వెనకవైపుతో తీగల్ని కిందికి కొట్టేది. చెయ్యి గాల్లోనే ఆడేది, తోలుకి తగిలేది కాదు. హోబర్ట్ అలా కాదు. చిటికెన వేలు తోలు మీద ఆనించి, మిగతా వేళ్లతో తీగల్ని పైకి లాగేవాడు. రాళ్ల మీంచి వాగు ఉరికినట్టుండేది. పట్నం నుంచి దిగిన తుపాకీగాళ్లకి ఈ తేడా తెలీదు.

కేగర్‌కి తెలుసు.

ఆ రాత్రి జరిగింది ఓవా చెప్పగా విన్నాను. బయట నవ్వు వినిపించిందట...

"ఒసే ఓవా! చచ్చినోడు వాయింపు మార్చుకుంటాడటే? నీ మొగుడు ఎప్పుడన్నా తీగల్ని కిందికి కొట్టాడా?"

తలుపు విరిగింది. కేగర్ బాంజోని మూలకి తన్నాడు. ఓవాని జుట్టు పట్టి ఈడ్చి, కుడిచెయ్యి అదే గడప మీద బూటు కింద తొక్కిపెట్టాడు.

"గాడిదలెక్కడ? మీ అన్న ఏ మలుపులో ఉన్నాడు? చెప్పకపోతే... అయిదు వేళ్లు, అయిదు దెబ్బలు."

"పది అనుకో. రెండో చెయ్యి కూడా ఉంది," అంది మా చెల్లెలు.

తుపాకీ మడమ దిగింది. చిటికెన వేలు నలిగింది.

కింది మలుపులో చెల్లెలి కేక విన్నాను. గాడిదల్ని చెట్టుకి కట్టేసి పరిగెత్తాను.

కేగర్ మళ్లీ తుపాకీ ఎత్తాడు. అప్పుడు మూలనుంచి —

టిణ్... టిణ్... టిణ్...

తీగల్ని పైకి లాగుతున్న చప్పుడు. వాగు ఉరికినట్టు!

"ఎ... ఎవడ్రా అక్కడ?" కేగర్ మూలలోకి రెండుసార్లు కాల్చాడు. వాయింపు ఆగలేదు. వాడు వెనక్కి జరిగాడు. బూటు లేచింది. ఓవా ఎడమచేత్తో పొయ్యి దగ్గరున్న ఇనప ఊచ అందుకుంది.

నేను వెళ్లేసరికి ఓవా ఇంకా వాణ్ని కొడుతూనే ఉంది. గోడల నిండా నెత్తురు.

"చచ్చాడు చెల్లీ... చాలు."

"చాలదన్నా!"

ఊచ లాక్కున్నాను. బాంజో ఆగింది. అంతదాకా మోగుతూనే ఉందని అప్పుడే తెలిసింది నాకు.

వాణ్ని ఆ గని గోతిలోనే పడేశాం. తెల్లారేలోపు పిండి గుడారాలకి చేరింది. పిల్లలు తిన్నారు. చేసినదానికి నాకు ఈనాటికీ పశ్చాత్తాపం లేదు.

పొద్దున ఓవా చేతికి గుడ్డ కట్టి, బాంజోని తుడవబోయాను. తీగల పక్కన తోలు మీద వేలి మొన అంత మచ్చ — నల్లగా, బొగ్గు ఇంకిపోయి, అరిగి నున్నగా.

"ఇక్కడ చిటికెన వేలు ఆనించావా?"

ఓవా గుడ్డ కట్టిన చెయ్యి పైకెత్తి చూపించింది.

తడిగుడ్డతో రుద్దాను. పోలేదు. ఏళ్ల తరబడి ఒక్కచోటే వేలు ఆనించి వాయిస్తే పడే మచ్చ అది... ఆ తోలు బిగించి అప్పటికి పందొమ్మిది రోజులే.